మఖ్రూత్

"భాయ్‌జాన్, అబ్బాని నువ్వే ఒప్పించాలె. నా మాట వినడు" అని ఛోటే ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసులో జిల్లా పేజీ దిద్దుతున్నాను. షాబాన్ నెల మొదలై నాలుగు రోజులైంది. రంజాన్‌కి నెల కూడా లేదు.

సంగతి ఇది. నిర్మల్‌లో మా మొహల్లా మస్జిద్‌లో మిహ్రాబ్‌కి అటొకటి ఇటొకటి టేకు స్తంభాలుంటాయి. గోడకు ఆనించి నిలబెట్టినవి, వెనక చదును, ముందు గుండ్రం. కింద వెడల్పుగా మొదలై పైకి పోయేకొద్దీ సన్నబడతాయి. నలభై ఏళ్ల కింద అబ్బా, ఆయన ఉస్తాద్ కలిసి చేసినవి. మొన్న సున్నం వేయడానికి వాటిని కదిలిస్తే ఎడమ స్తంభం కింది నుంచి పొట్టు రాలింది. లోపలంతా దీమక్. చెదలు తినేసి పైన పొర మాత్రం మిగిల్చింది. కుడిది మాత్రం చెక్కుచెదరలేదు. రంజాన్ చాంద్ కనపడేలోపు దానికి జోడీ కావాలని కమిటీ వాళ్ళు మా ఇంటికే వచ్చారు. ఇంకెక్కడికి పోతారు?

అబ్బాకి డెబ్భై ఎనిమిదేళ్లు. నాలుగేళ్లుగా చేతుల్లో రాషా. వణుకు. చాయ్ ప్యాలీని రెండు చేతులతో పట్టుకున్నా సాసర్‌లో కొంత ఒలుకుతుంది. ఆ చేతులు ఇక ఛేనీ పట్టలేవు. ఆ సంగతి ఆయనకి తెలుసు, మాకూ తెలుసు, ఇంట్లో ఎవరమూ ఆ మాట అనం.

ఛోటే దగ్గర సీఎన్‌సీ రౌటర్ ఉంది. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు బల్ల. దాని మీద అడ్డంగా ఒక దూలం, దూలానికి వేలాడే మోటారు, మోటారు మూతికి బిట్టు. కంప్యూటర్ చెప్పినట్టు అది ముందుకీ పక్కకీ పైకీ కిందికీ కదులుతూ కర్రను చెక్కుతుంది. తలుపుల మీద పూలు, జాలీలు, పెళ్ళి మంచాల తలాపులు చెక్కి మా ఛోటే నాలుగు రాళ్ళు సంపాయిస్తున్నాడు. ఆ మషీన్‌ని లోన్ తీసుకుని కొన్న రోజు నుంచి అబ్బా ఆ కార్ఖానా గడప తొక్కలేదు. ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే దస్తర్‌ఖాన్ మీద తింటారు. పని మాట మాత్రం రాదు.

శుక్రవారం పొద్దున నేను నిర్మల్‌లో దిగాను. జుమ్మా నమాజ్ అయ్యాక అబ్బా పక్కన కూర్చొని మాట కదిపాను.

"సూద్ పైసలతో వచ్చిన మషీన్ మీద అల్లా ఇంటి పని చేయిస్తావా బడే? నువ్వు చదువుకున్నోడివి" అన్నారు.

నేను ఆ జవాబు కోసమే చూస్తున్నాను. "అబ్బా, ఆ లోన్ పోయిన ఏడే తీరిపోయింది. బైపాస్ దగ్గరి జాగా అమ్మిండు. భాభీ గాజులు కూడా పోయినయ్. మీకు చెప్పలేదు."

అబ్బా చాలాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత "కైకూ నహీఁ బోలా?" అన్నారు.

నాకు ఛోటే అన్న మాటే గుర్తొచ్చింది. "అడగనోళ్ళకి ఎట్ల చెప్పాలె?" అన్నాడు వాడు. ఆ మాట నేను అబ్బాతో అనలేదు. "సిగ్గుపడి ఉంటడు" అన్నాను. జర్నలిస్టుకు ఇరవై ఏళ్లలో పట్టుబడేది ఇదే, ఏ మాట ఎవరి దగ్గర ఆపాలో.

అస్ర్ నమాజ్ తర్వాత అబ్బా తానే చెప్పులు వేసుకుని కార్ఖానాకి నడిచారు. ఛోటే చేతిలో ఫోన్ పట్టుకుని బొమ్మలా నిలబడ్డాడు. అబ్బా మషీన్ చుట్టూ ఒకసారి తిరిగి, నేల మీది బురాదాని వేళ్ళతో తీసి నలిపి చూసి, "బిట్టు మొద్దుబారింది. దుమ్ము వస్తోంది. పదునుంటే పొట్టు రావాలె" అన్నారు. నాలుగేళ్ల తర్వాత ఆ ఇద్దరి మధ్య నడిచిన మొదటి పని మాట అదే.

ఛోటే కొడుకు మున్నాకి పంతొమ్మిదేళ్లు. పాలిటెక్నిక్ చదువుతున్నాడు. కంప్యూటర్ మీద బొమ్మ గీసేది వాడే. మస్జిద్‌కి పోయి కుడి స్తంభాన్ని కొలుచుకొచ్చాడు. ఏడడుగుల పొడవు. కింద 200 మిల్లీమీటర్ల వెడల్పు, ముందుకి 50 ఉబ్బు. పైన 120 వెడల్పు, 30 ఉబ్బు.

"బడే అబ్బా, ఇది సింపుల్. కోన్ ముక్క" అన్నాడు.

"మఖ్రూత్" అన్నాను నేను.

"క్యా?"

మా ఉర్దూ మీడియం స్కూల్లో రియాజీ సార్ నల్లబల్ల మీద గీసి నేర్పిన పదాలు ఒక్కసారిగా నోటికొచ్చాయి. గోళానికి కుర్రా. స్తూపానికి ఉస్తువానా. చాపానికి ఖౌస్. వ్యాసార్ధానికి నిస్ఫ్ ఖుతర్. శంకువుకి మఖ్రూత్. ఆ తెలుగు పదాలు నాకు డిగ్రీకి పోయాక తెలిశాయి. ఇంగ్లిషువి ఇంకా తర్వాత. మున్నాకి ఇంగ్లిషువి తప్ప ఏవీ తెలియవు. మఖ్రూత్ అనే అరబ్బీ మాటకి అసలు అర్థం ఖరాద్ పట్టినది అని. అంటే తరిమెన మీద తిప్పి చెక్కినది. మన ఖరాద్ కూడా ఆ ఖాందాన్‌దే. వడ్రంగి పని నుంచి హిసాబ్‌లోకి పోయిన మాట అది. అబ్బాకి ఆ మాట చెప్తే, "అయితే హిసాబ్ మా దగ్గర్నుంచే పోయింది" అని నవ్వారు.

ఆ నవ్వులో నిజముంది. సమర్‌ఖంద్‌లో ఉలుగ్ బేగ్ వేధశాలలో పనిచేసిన అల్ కాషీ 1427లో 'మిఫ్తాహుల్ హిసాబ్' రాశాడు. కమానులనీ గుంబద్‌లనీ ముఖర్నస్‌లనీ కొలిచే లెక్కలు అందులో ఉన్నాయి. మేస్త్రీలు కట్టే వంపుల కోసం అంత పెద్ద హిసాబ్‌దాన్ కూర్చొని పద్ధతులు రాశాడు. మన పిల్లలకి ఈ పేరు ఏ స్కూల్లో చెప్తున్నారు?

సరే, మషీన్ దగ్గరికొద్దాం. సన్నబడే వంపుని చెక్కడం ఎందుకు కష్టమో నాకు ఆ వారంలోనే అర్థమైంది. మషీన్‌కి చెప్పే భాష జీ-కోడ్. సూటిగా పొమ్మనడానికి ఒక ఆజ్ఞ, ఖౌస్‌లా తిరగమనడానికి ఇంకో ఆజ్ఞ ఉంటాయి. ఖౌస్ ఆజ్ఞకి ఒకటే నిస్ఫ్ ఖుతర్. మన స్తంభానికేమో కింద 125 మిల్లీమీటర్ల నిస్ఫ్ ఖుతర్, పైన 75. మధ్యలో ప్రతి వెంట్రుకవాసికీ అది మారుతూ పోతుంది. ఒక్క ఆజ్ఞతో పని కాదు. అందుకే కంప్యూటర్ ఆ వంపుని వేల చిన్న చిన్న సూటి గీతలుగా విరిచి ఇస్తుంది.

చెక్కడం రెండు విడతలు. మొదట 12 మిల్లీమీటర్ల చదును బిట్టుతో మెట్లు మెట్లుగా కొట్టి, పైన మిల్లీమీటరు మందం వదిలేస్తుంది. అబ్బా భాషలో అది బాడిశ పని. తర్వాత మూతి గుండ్రంగా ఉండే 6 మిల్లీమీటర్ల బిట్టుతో స్తంభం పొడవునా గీత పక్కన గీత పోతూ నునుపు చేస్తుంది. అది గోల్ ఛేనీ పని. బిట్టు మూతి గుండ్రం కనుక గీతకీ గీతకీ మధ్య సన్నని గట్టు మిగులుతుంది, దుక్కి దున్నిన చేనులో సాళ్ళ మధ్య మిగిలినట్టు. గీతలు దగ్గరగా ఉంటే గట్టు చిన్నది, టైమ్ ఎక్కువ. దూరమైతే టైమ్ తక్కువ, గట్టు పెద్దది.

మున్నా గీతకీ గీతకీ మిల్లీమీటరు దూరం పెట్టాడు. "మొదలు మామిడి మీద చెయ్, తర్వాతే సాగ్వాన్ మీద" అన్నారు అబ్బా. అదెంత మంచి మాటో సాయంత్రానికే తెలిసింది. బిట్టు మార్చాక దాని మూతి ఎక్కడుందో మషీన్‌కి మళ్ళీ చూపించాలి. మున్నా మర్చిపోయాడు. కొత్త బిట్టు పాతదానికన్నా పొడవు. అది నాలుగు మిల్లీమీటర్లు లోపలికి దిగి, మామిడి చెక్కలో కాలువ తవ్వింది. ఛోటే చెయ్యెత్తాడు. అబ్బా అడ్డుపడ్డారు. "నువ్వు నేర్చుకునేటప్పుడు మూడు తలుపులు ఖరాబ్ చేసినవ్. లెక్క నా దగ్గరుంది" అన్నారు. ఛోటే చెయ్యి దించాడు.

రెండో మామిడి చెక్క బాగా వచ్చింది. చూడ్డానికి అద్దంలా ఉంది. మున్నా ఫోన్‌లో వీడియో కూడా తీశాడు. అబ్బా కళ్ళు మూసుకుని అరచెయ్యి దాని మీద పెట్టి అటూ ఇటూ జరిపారు. చెయ్యి వణుకుతూనే ఉంది. నడుమ మీద పోయింది, పక్కకి దిగింది, అంచు దగ్గర ఆగింది.

"యహాఁ చీఁటియాఁ చలే సర్కా హై" అన్నారు. ఇక్కడ చీమలు నడిచినట్టుంది.

మున్నాకి ఏమీ కనపడలేదు. నాకూ కనపడలేదు. ఛోటే టార్చిలైటు తెచ్చి పక్కనుంచి వేశాడు. అంచుల పొడవునా సన్నని నీడల గీతలు తేలాయి.

ఎందుకట్లయిందని నేనూ మున్నా కాగితం మీద లెక్కేశాం. గట్టు ఎత్తు తెలియాలంటే గీతల మధ్య దూరాన్ని దానితోనే హెచ్చవేసి, బిట్టు మూతి నిస్ఫ్ ఖుతర్‌కి ఎనిమిది రెట్లతో భాగించాలి. బిట్టుది 3 మిల్లీమీటర్లు, ఎనిమిది రెట్లు 24. దూరం ఒక మిల్లీమీటరు కాబట్టి గట్టు 0.04 మిల్లీమీటర్లు. నడుమ మీద అంతే. కానీ ఆ ఒక మిల్లీమీటరు బల్ల మీద కొలిచింది. స్తంభం అంచులకొచ్చేసరికి వాలు 53 డిగ్రీలుంది. బల్ల మీద ఒక మిల్లీమీటరు జరిగితే వాలు మీద 1.67 మిల్లీమీటర్లు జరిగినట్టు. అక్కడ గట్టు 0.116. నడుమ మీద ఉన్నదానికి దాదాపు మూడింతలు. మిల్లీమీటరులో పదో వంతు! వణికే ఆ వేళ్ళు దాన్ని పట్టుకున్నాయి.

"దాదా చేతిలో సెన్సార్ ఉంది" అన్నాడు మున్నా.

"సెన్సార్ కాదు బేటా, రేషా తెలియాలె" అన్నారు అబ్బా. చేతిలో రాషా, కర్రలో రేషా. ఆ రెండు మాటలూ పక్కపక్కన వినపడి నాకు గొంతులో ఏదో అడ్డం పడింది.

మున్నా రాత్రంతా కూర్చొని గీతలు మార్చాడు. బల్ల మీద కొలవడం మానేసి వంపు మీదనే కొలిచాడు. స్తంభం అడుగున ఖౌస్ పొడవు 232 మిల్లీమీటర్లు, పైన 139. అడుగున 232 గీతలు మొదలుపెట్టి, అన్నీ స్తంభంతో పాటే దగ్గరవుతూ పైకి పోయేలా చేశాడు, దుపట్టా కుచ్చిళ్ళు పిడికిట్లోకి వచ్చినట్టు. కింద గీతల మధ్య ఒక మిల్లీమీటరు, పైన 0.6. అడ్డంగా ఎక్కడ చూసినా గట్టు ఒక్కటే. టైమ్ మూడు గంటలకి దగ్గరైంది, కానీ చీమలు పోయాయి.

అసలు ముష్కిల్ అప్పుడొచ్చింది. మూడో మామిడి స్తంభాన్ని తీసుకుపోయి మస్జిద్‌లో పాతదాని పక్కన నిలబెట్టాం. అడుగు సరిపోయింది, తల సరిపోయింది. కానీ రెండూ జోడీ కాదు. ఏదో తేడా. మున్నా టేపు పట్టి మళ్ళీ కొలిచాడు. అడుగు 200, తల 120. తప్పు లేదు.

అబ్బా జానమాజ్ మీద కూర్చొని దూరం నుంచి చూసి, "దీని కమర్ పత్లీ అయింది. భూకా హై బేచారా" అన్నారు.

అప్పుడు నడుమ కొలిచాం. 200కీ 120కీ సరిగ్గా మధ్యన 160 ఉండాలి. మా కొత్తదానికి అంతే ఉంది. పాతదానికి 165. రెండు పక్కలా రెండున్నర మిల్లీమీటర్లు ఎక్కువ. మున్నా మొదటి రోజు కొలిచినప్పుడు నడుమ కొలవనే లేదు. కింద కొలిచి పైన కొలిచి, మధ్యలో సూటిగా ఉంటుందనుకున్నాడు. నేనున్నా అంతే అనుకునేవాణ్ణి.

"చేతిపని కదా, కొద్దిగా తప్పు వచ్చి ఉంటది" అన్నాడు ఛోటే.

"తప్పు కాదు" అన్నారు అబ్బా. "ఉస్తాద్ కావాలనే పెట్టిండు."

అబ్బా ఉస్తాద్ ఒక వడ్లాయన. మేమంతా ఆయన్ని తాతా అనేవాళ్ళం. అబ్బాకి పనిముట్ల పేర్లన్నీ రెండేసి వచ్చేవి. ఉస్తాద్ ఉలి అంటే ఇంట్లో ఛేనీ. అక్కడ చిత్రిక, ఇక్కడ రందా. అక్కడ రంపం, ఇక్కడ ఆరీ. గునియా, బర్మా మాత్రం రెండు చోట్లా ఒక్కటే. పండక్కి మా ఇంటి షీర్ ఖుర్మా వాళ్ళింటికి పోయేది, ఉగాది పచ్చడి మాకు వచ్చేది. మిహ్రాబ్ పని చేసినన్ని రోజులూ ఆయన చెప్పులు బయట విడిచి, కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చేవారని అబ్బా చెప్తారు. ఎవరూ చెప్పకుండానే.

"సూటిగా సన్నబడే స్తంభం కంటికి నడుమ దగ్గర లోపలికి పోయినట్టు కనపడ్తది. అందుకని కొద్దిగా ఉబ్బించాలె. కంటికి సూటిగా కనపడాలంటే కర్ర సూటిగా ఉండొద్దు. ఉస్తాద్ మాట ఇది."

నేను ఆ రాత్రి చదివితే తెలిసింది, యూనాన్ వాళ్ళు ఏథెన్స్‌లో పార్థినాన్ స్తంభాలకి క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలోనే ఇట్లాంటి ఉబ్బు పెట్టారు. దానికి ఎంటాసిస్ అని పేరు. నిర్మల్ వడ్లాయనకి ఆ పేరు తెలియదు. ఆయన కంటికి మాత్రం తెలుసు.

"మరి ఆ ఉబ్బుని ఎట్ల గీసేటోళ్ళు దాదా?" అని మున్నా అడిగాడు.

అబ్బా ఇంటికి పోయి అటక మీది నుంచి ఒక వెదురు బద్ద దింపించారు. ఏడడుగుల పొడవు, వేలెడు వెడల్పు, నునుపుగా చిత్రిక పట్టినది. కార్ఖానా బల్ల మీద అడుగు దగ్గర ఒక మేకు, తల దగ్గర ఒక మేకు, నడుమ దగ్గర ఇంకో మేకు కొట్టించారు. బద్దని నడుమ మేకు ఆవలి నుంచి వంచి, రెండు కొసలూ మేకులకి ఆనించారు. బద్ద తనంతట తానే ఒక వంపు తీసుకుంది. ఎక్కడా విరుపు లేదు, ఎక్కడా ఎక్కువ తక్కువ లేదు. "మూడు చోట్ల నువ్వు చెప్పు, మిగిలింది బద్ద చెప్తది" అన్నారు.

మున్నా దాని వంక చూసి, "బడే అబ్బా, ఇది స్ప్లైన్!" అని అరిచాడు. వాడి సాఫ్ట్‌వేర్‌లో ఆ పేరుతో ఒక పనిముట్టు ఉంది. మూడు చుక్కలు పెడితే వాటి గుండా నున్నని వంపు గీస్తుంది. ఆ పేరు ఇలాంటి బద్ద నుంచే వచ్చింది. ఓడలు కట్టేవాళ్ళు, నక్షాలు గీసేవాళ్ళు వాడిన వంగే బద్ద పేరే స్ప్లైన్. కంప్యూటర్ దాన్నే లెక్కగా మార్చుకుంది. మా ఇంటి అటక మీద నలభై ఏళ్లుగా పడి ఉన్నది అదే.

టేకు ఎక్కడిదంటే, మా దాదా కట్టిన పాత ఇంటి దూలం. ఇల్లు పడగొట్టినప్పుడు అబ్బా ఎవరికీ అమ్మకుండా గోడకి ఆనించి పెట్టుకున్నారు. స్తంభానికి సరిపోయే మందం ఉన్నది ఆ ఒక్కటే. పోతే ఇంకోటి లేదు. పాత కర్రలో విరిగిన మేకులుంటాయి. బిట్టుకి తగిలితే బిట్టూ పోతుంది, కర్రా పోతుంది. అబ్బా పాత రేడియో స్పీకర్ నుంచి పీకిన మిఖ్నాతీస్‌ని దారానికి కట్టి దూలం పొడవునా మెల్లగా జరిపారు. రెండు చోట్ల అయస్కాంతం అటు గుంజింది. చేతి వణుకుకీ మేకు గుంజడానికీ తేడా ఎట్ల తెలిసిందో నాకు తెలియదు. తవ్వి చూస్తే రెండు చోట్లా తుప్పు పట్టిన మేకు ముక్కలున్నాయి.

ఛోటే వజూ చేసి వచ్చి మషీన్ ఆన్ చేశాడు. "బిస్మిల్లా" అన్నది అబ్బా. మూడు గంటలు ఎవరమూ కదల్లేదు. టేకులో ఇసుక గుణం ఉంటుంది, బిట్టు పదును తొందరగా తింటుంది. అందుకని చివరి విడతకి ఛోటే కొత్త బిట్టు పెట్టాడు. ఈసారి మున్నా బిట్టు మూతిని మషీన్‌కి రెండుసార్లు చూపించాడు. పాత టేకు వాసన కార్ఖానా అంతా నిండింది. మా దాదా ఇంటి వాసన.

గరుకు కాగితం పట్టింది ముగ్గురు, అబ్బా, ఛోటే, మున్నా. అబ్బా కాగితాన్ని చెక్క ముక్కకి చుట్టి, రెండు చేతులతో పట్టుకుని పొడవునా లాగారు. ఆ పనికి రాషా అడ్డం కాలేదు. నేను చాయ్‌లు అందించాను. ఛోటే ఒకసారి పని ఆపి, ఎటో చూస్తూ, "అబ్బా, జాగా అమ్మిన సంగతి చెప్పాలనుకున్న" అన్నాడు. "మాలూమ్ హై. ఆ అంచు సరిగ్గా పట్టు" అన్నారు అబ్బా. అంతే. మా ఇంట్లో మాఫీలు ఇట్లాగే అయిపోతాయి.

చాంద్ రాత్‌కి రెండు రోజుల ముందు స్తంభం నిలబెట్టాం. పాతది నల్లబడి ఉంది, కొత్తది ఎర్రగా ఉంది. రంగు కలవడానికి ఏళ్లు పడుతుంది. ఆకారం మాత్రం ఒక్కటే. తరావీహ్‌కి వచ్చినవాళ్ళు "మాషా అల్లా, అబ్బా చేతిపని పోలేదు" అన్నారు. అబ్బా కాదనలేదు, ఔననలేదు. మున్నా భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డారు. అది ప్రేమతో వేశారో, నిలబడడానికి ఆసరా కోసమో నేను అడగలేదు.

హైదరాబాద్ బస్సెక్కే ముందు కార్ఖానాకి పోయాను. వెదురు బద్ద ఇప్పుడు కంప్యూటర్ పైన రెండు మేకులకి వేలాడుతోంది. స్క్రీన్ మీద మున్నా దాచుకున్న ఫైళ్ళ వరసలో చివరిది చూశాను. దాని పేరు 'మఖ్రూత్ 4'. స్పెల్లింగ్ తప్పుంది. దిద్దబోయి ఊరుకున్నాను.